ముప్పై సెకన్ల నంబర్ వన్ పాటలు

ఒక కాలంలో ఇంగ్లండ్‌లోనూ అమెరికాలోనూ నంబర్ వన్‌గా నిలిచిన పాటలన్నీ నాకు ముప్పై సెకన్ల చొప్పున కంఠతా వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను: ఏ పాటలో డ్రాప్ ఏ సెకనుకి పడుతుందో, దానికి ముందు డ్రమ్ములు ఎంతసేపు పరుగెడతాయో, పాడే అమ్మాయి ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో. మిగతా పాట గురించి మాత్రం అడగకండి. మిగతాది నేను వినలేదు. వినే అవసరం రాలేదు.

అప్పుడు నేను రాంగోపాల్‌పేట్‌లో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్ని. ఇలాంటి స్కూళ్లలో కంప్యూటర్ టీచర్ అంటే ప్రింటర్ మొరాయించినా, మైకు కూసినా, ప్రశ్నపత్రంలో అక్షరాలు డబ్బాలుగా మారినా పిలుపు వచ్చే మనిషి. యాన్యువల్ డే వచ్చిందంటే పాటలు కోసే పని కూడా ఆ మనిషిదే. డాన్స్ ఒక్కోటి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ప్రతి తల్లికీ తన పిల్ల ముందు వరసలో కనబడాలి. అంటే వరసలు ఆరేడుసార్లు మారాలి. వరస మారిన ప్రతిసారీ పాట కూడా మారాలి. కాబట్టి నాలుగు నిమిషాల్లో ఏడు హిట్లు. కార్యక్రమం కాగితంలో దాని పేరు 'వెస్ట్రన్'.

డాన్స్ మాస్టర్లు పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చునేవారు. "మేడం, గీడ జెర గ్యాప్ ఇయ్యాలె. పిల్లలు బొమ్మల్లెక్క నిలబడతరు. తర్వాత ధన్‌మని పడాలె," అనేవారు. ఆ ధన్‌మని పడేదే డ్రాప్, ఆ రకం సంగీతం పేరు డబ్‌స్టెప్. అప్పట్లో పాప్ పాట ఏది పైకెక్కినా నడుమ ఆ ముక్క ఉండాల్సిందే. మెల్లగా మొదలై, వేగం పెరిగి, ఇంక ఆగలేం అన్నప్పుడు ఒక్క క్షణం అంతా ఆగిపోయి, తర్వాత అడుగు నుంచి గుర్రుమంటూ మోత. మా అమ్మ మొదటిసారి విని, "గ్రైండర్ల ఇనుప మొలలు పడ్డయా ఏందే?" అంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చేది.

పాటను ఎవరైనా కోస్తారు. అతకడమే పని. ఒక పాట శృతి, ఇంకో పాట వేగం, మూడోదాని గొంతు, వీటిని అతుకు తెలియకుండా కలపాలి. నాకు అది వచ్చింది. రెండేళ్లలో కాప్రా నుంచి కూడా బైకుల మీద మాస్టర్లు వచ్చేవారు. పాటలకు అన్యాయం చేస్తున్నావని ఒక మ్యూజిక్ సార్ నాకు నీతి చెప్పబోయాడు. ఈ నాలుగు నిమిషాల్లో ఒక్క అతుకు పట్టుకోండి సార్, కోయడం మానేస్తాను అన్నాను. మూడుసార్లు విన్నాడు. పట్టుకోలేదు. టీ తాగి వెళ్లాడు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

ఇంట్లో మాత్రం నా పప్పులు ఉడికేవి కావు. మౌలాలిలో రైల్వే క్వార్టర్లు దాటాక మా ఇల్లు. అమ్మ సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగింది. మా చర్చిలో ముప్పై ఏళ్లు ఆర్గన్ వాయించింది. ఏ కీర్తనకీ పుస్తకం తెరిచేది కాదు. ఆమెకు ఒకటే పట్టుదల: కీర్తనలో ఎన్ని చరణాలుంటే అన్నీ పాడాలి.

మా చర్చిలు ఎరిగినవాళ్లకు ఇది ఎందుకో తెలుసు. ప్రసంగం సాగిందంటే కోత పడేది పాటకే. పాస్టరు అయ్యగారు వాచీ చూసుకుని, "ఒకటి, రెండు, ఆఖరి చరణం పాడుకుందాం," అంటారు. మూడో చరణం ఎప్పుడూ బలి. పుట్టినప్పటి నుంచి చర్చికి వెళ్తున్నా ఒక్కో కీర్తనలో మూడో చరణం నోట రాని వాళ్లు వందమంది ఉంటారు. అమ్మ ఒప్పుకునేది కాదు. అయ్యగారు ఏమన్నా సరే, రెండోది అవగానే మూడోదానిలోకి వెళ్లిపోయేది. ఆర్గన్ వెళ్లాక సంఘం వెళ్లక చస్తుందా.

డాడీది కోస్తా. లోకో షెడ్డులో ఉద్యోగం. ఆయన గొంతుకు శృతితో పని లేదు. "మూడో చరణం దిక్కులేనిదమ్మా. అందుకే నేను పెంచుకుంటున్నాను," అనేవాడు. నిజంగానే కీర్తనలన్నిటిలో మూడో చరణాలే కంఠతా పట్టి, గడ్డం గీసుకుంటూ అవే పాడేవాడు. వంటింట్లోంచి అమ్మ, "శృతి!" అని అరిచేది. ఆయన ఇంకా గట్టిగా పాడేవాడు.

డాడీ పోయాక ఏడాదికి జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, తర్వాత భోజనాలు. ఆయనకు ఇష్టమైన కీర్తన ఒకటి పాడాలని అమ్మ అనుకుంది. పోయినవాళ్ల భార్య ముందు వరసలో కూర్చోవాలి కానీ వాయించడానికి లేవకూడదని పెద్దవాళ్ల మాట. అందుకని వారం ముందే కీబోర్డు మీద నాలుగు చరణాలూ వాయించి నా చేత రికార్డు చేయించింది. పాట మొత్తం తన చేతిరాతతో ఒక కాగితం మీద రాసి, టైపు చేసి అందరికీ పంచమంది.

ఆ వారమే యాన్యువల్ డే. లాప్‌టాప్‌లో ఒక పక్క ఎనిమిదో తరగతి వాళ్ల డబ్‌స్టెప్, ఇంకో పక్క అమ్మ కీబోర్డు. అయ్యగారికి ఏడున్నరకు ఇంకో కూడిక ఉంది, వంటవాళ్లు ఎనిమిదికల్లా వడ్డించాలన్నారు. నేను కార్యక్రమం మొత్తం నిమిషాల లెక్కన రాసుకున్నాను. కాస్త ఎక్కువైంది. ఎక్కడ కోయాలా అని చూశాను. ఆలోచించింది కూడా లేదు, చేయి దానంతటదే వెళ్లింది. మూడో చరణం తీసేసి నాలుగోది అతికాను. చరణాలన్నిటికీ వరస ఒకటే కదా, అతుకు అద్దంలా వచ్చింది. కాగితంలోనూ మూడో చరణం టైపు చేయలేదు. అమ్మ చేతిరాత కాగితం చెత్తబుట్టలో వేశాను.

అమ్మతో ఒక్క మాట చెప్పలేదు. చెబితే వద్దంటుందని తెలుసు. జనం గమనించరనీ తెలుసు. పిల్లికి చెలగాటం అన్న సామెత ఊరికే పుట్టలేదు.

కూడిక రోజు సాయంత్రం పాట మొదలైంది. అందరూ నా కాగితం చూసి పాడుతున్నారు. అమ్మ కళ్లు మూసుకుని పాడుతోంది. రెండో చరణం అయింది. అందరూ నాలుగోది ఎత్తుకున్నారు, అమ్మ మూడోది ఎత్తుకుంది. వరస ఒకటే కాబట్టి తాళం తప్పలేదు. చుట్టూ వందమంది ఒక మాట పాడుతుంటే ముందు వరసలో తెల్లచీరతో ఆమె ఒక్కతీ ఇంకో మాట పాడింది. ఎక్కడ తేడా ఉందో అర్థంకాక ఒక్కసారి కళ్లు తెరిచింది, మళ్లీ మూసుకుని ఆ చరణం పూర్తి చేసింది. పల్లవి దగ్గర అందరితో కలిసింది. తర్వాత నాలుగోదానికి ఊపిరి తీసుకుంది. అప్పటికే సంగీతం ఆగిపోయింది, అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. అమ్మ నోరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది.

నేను స్పీకరు పక్కన నిలబడి అంతా చూశాను.

భోజనాలయ్యాక కుర్చీలు సర్దుతుంటే నా దగ్గరకు వచ్చింది. "నేను మూడే వాయించిన్నా ఏందే? కాగితంల సుత మూడే రాసిన్నా?" అంది. ఆ కాగితం ఏదని అడిగింది. పడేశానన్నాను, అది నిజమే. ఆమె నుదురు మీద చేయి పెట్టుకుని నిలబడింది. అప్పుడు చెప్పాల్సింది. నేనన్నది ఇది: "అలసిపోయినవ్ అమ్మా. వారం సంది పరేషాన్‌ల ఉన్నవ్ కదా."

ఆమె తల ఊపింది. నా మాట నమ్మింది.

నెల తిరక్కుండానే ఆర్గన్ గది తాళంచెవి కమిటీ వాళ్లకు ఇచ్చేసింది. ఎందుకమ్మా అంటే, "నా మతి మీద నాకే నమ్మకం లేదు. ఆయన పాటనే మర్చిపోయిన. రేపు సంఘం ముందల నడుమల ఆగిపోతే సిగ్గు పోతది," అంది. అయ్యగారు వచ్చి బతిమాలారు. వినలేదు. ఆ తర్వాత పుస్తకం తెరవకుండా పాట పాడలేదు. గ్యాస్ ఎప్పుడు బుక్ చేసిందో, మాత్ర ఎప్పుడు వేసుకుందో కేలండరు గళ్లలో రాసుకోవడం మొదలుపెట్టింది. నేను రోజూ ఆ గళ్లు చూసేదాన్ని. రేపు చెబుదాం అనుకునేదాన్ని. తప్పు ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు, ఇంతమందికి ఇన్ని పాఠాలు చెప్పే నోరు అక్కడ పడిపోతుంది. అలా ఆరేళ్లు గడిచాయి.

మొన్న స్టేషన్ దగ్గర క్యాబ్ ఎక్కాను. డ్రైవరు పాత పాప్ పాటలు పెట్టుకున్నాడు. నేను కనీసం పాతికసార్లు కోసిన పాట ఒకటి వచ్చింది. డ్రాప్ పడింది. అక్కడితో నాకు తెలిసిన పాట అయిపోయింది. కానీ అది ఆగలేదు. కొంతసేపటికి మోతలన్నీ తప్పుకున్నాయి. ఆ అమ్మాయి గొంతు ఒక్కటే, దాదాపు మాట్లాడుతున్నట్టు, చాలాసేపు పాడింది. ఏ వాయిద్యమూ లేదు. ఆ తర్వాత డ్రాప్ రెండోసారి పడింది. మొదటిదే, అచ్చంగా అదే, కానీ ఈసారి గుండె మీద పడింది. మెట్టుగూడ దగ్గర సిగ్నల్లో కూర్చుని ఏడుస్తున్నాను.

"మేడం, పాట మార్చాల్నా?" అన్నాడు డ్రైవరు.

"వద్దన్నా, ఉండనియ్," అన్నాను.

ఇన్నేళ్లు ఆ పాట నాకు వచ్చనుకున్నాను. ఎంత పొగరు! పాట అనే ఇంటికి ముందువైపు మాత్రం చూసి, ఇల్లంతా తిరిగానని చెప్పుకున్నాను. ఆ మిక్సులకు సిగ్గుపడటం లేదు, అవి బాగా కోశాను, పిల్లలు బాగా ఎగిరారు. నేను కోయకూడనిది ఒక్కటే, అది నా పాత హార్డ్ డిస్క్‌లో ఇంకా ఉంది. నాకు ఒక అలవాటు: ఎన్ని ముక్కలు చేసినా అసలు ఫైలు ఎప్పుడూ చెరపను.

ఇంటికి వచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా పాత హార్డ్ డిస్క్ వెతికి, లాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, "అమ్మా, ఇది విను," అన్నాను. మొదటి చరణానికే ఆమె చేతులు ఆగాయి. తన చేయి తనకు తెలియదా. రెండోది అయింది. మూడోది మొదలయ్యాక ఆమె పెదవులు కదిలాయి. ఒక్కో చరణానికి ఒక్కో చిక్కుడుకాయ పళ్లెం అంచున పెట్టుకుంటూ వచ్చింది. పాట అయ్యాక వాటివైపు చూసింది.

"నాలుగు," అంది.

"నాలుగే అమ్మా. నువ్వు నాలుగూ వాయించినవ్, నాలుగూ రాసిచ్చినవ్. మూడోది నేనే తీసేసిన. తెలిసే తీసేసిన."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు. "అంటే నేను మర్చిపోలే," అంది.

"లేదమ్మా."

"మరెందుకు తీసినవే?"

"టైమ్ కలిసొస్తదని."

"ఎంత టైమ్?"

స్క్రీన్ చూడాల్సిన పని లేదు. "నలభై ఎనిమిది సెకన్లు," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, అదే నేను తట్టుకోలేకపోయాను.

"ఆరేండ్ల సంది," అంది అమ్మ, "పొద్దున లేవంగనే మీ డాడీ పేరు, నీ పేరు, మన ఇంటి నంబరు మనసుల చదువుకుంటున్ననే. ఇంకా యాదికున్నయో లేవో చూసుకుంటందుకు."