పిల్లకు పడే ఊరు

యాభై ఆరేళ్లు వచ్చేవరకు గంగమ్మ ఒక దిక్కు బిచ్కుంద, మరో దిక్కు బోధన్ దాటి ఎరగదు. ఆ రెండు ఊళ్లలోనూ ఎండ తన ఊరు బాన్సువాడలో ఉన్నట్టే ఉండేది కాబట్టి, దేశమంతటా ఎండ ఇలాగే ఉంటుందని అనుకునేది. పన్నెండో ఏట బీడీల చాట ఒళ్లో పెట్టుకుంది. భర్త పోయాక కొడుకు భూమేశ్‌ను ఆ చాట మీదే పెంచి ఐటీఐ చదివించింది.

భూమేశ్ హైటెన్షన్ కరెంటు టవర్లు నిలబెట్టే పనిలో చేరాడు. ఒకచోట టవర్లు లేవగానే, ఇంకా లేవని చోటికి పోవాల్సిన పని అది. పెద్ద బిడ్డ సహజ పుట్టిన ఏడాదికి అతన్ని రాజస్థాన్‌లోని జైసల్మేర్‌కు పంపారు. భార్య రోజారాణిని, బిడ్డను వెంట తీసుకెళ్లాడు. రోజారాణికి తల్లి లేదు. రెండో కాన్పు దగ్గరపడగానే భూమేశ్ ఫోన్ చేశాడు.

"అవ్వా, ఒక రెండు నెలలు వచ్చిపో."

గంగమ్మ నాలుగు చీరలు, ఒక సీసా మామిడికాయ తొక్కు సర్దుకుని వెళ్లింది. ఆరేళ్ల తర్వాత తిరిగొచ్చింది.

జైసల్మేర్‌లో ఇసుక అన్నంలో ఉండేది, పరుపులో ఉండేది, తొక్కు సీసాలో కూడా చేరింది. ఎడారి అంటే ఎండ అని కొడుకు చెప్పాడు గానీ, డిసెంబరు చలి సంగతి చెప్పలేదు. విజయ్‌కుమార్ ఆ చలిలోనే పుట్టాడు. పక్కింటావిడ ఆవనూనె తెచ్చి పసివాడి అరికాళ్లకు రాయమంది. గంగమ్మ వాసన చూసి మొహం పక్కకు తిప్పుకుని, రాసింది. బాన్సువాడకు ఫోన్ చేసి ఎడారిలో గజగజ వణుకుతున్నానని చెబితే చుట్టాలెవరూ నమ్మలేదు.

విజయ్‌కుమార్‌కు రెండేళ్లు నిండకముందే మేఘాలయ. షిల్లాంగ్ దాటాక జోవాయ్ అనే ఊరు. అక్కడ వాన వారం పడి, కాసేపు ఆగి, మళ్లీ వారం పడేది. ఆ ఆగిన కాసేపట్లో గంగమ్మ బట్టలు ఆరేసేది. ఆమె లోపలికి రాగానే వాన మొదలయ్యేది. ఒంటిమీది చీర తడిగా ఉందో, చల్లగా ఉందో తేల్చుకోకుండానే ఆమె అక్కడ నాలుగేళ్లు గడిపింది. విజయ్‌కుమార్‌కు మాత్రం ఆ ఊరు బాగా పట్టింది. చొక్కా లేకుండా వానలో తిరిగేవాడు, ఒక్కసారి కూడా తుమ్మలేదు.

మూడోది భవిత అక్కడే పుట్టింది. ఎనిమిదో నెలలో ఆ పిల్ల ఛాతీలోంచి పిల్లికూతలు మొదలయ్యాయి. రెండేళ్లు వచ్చేలోగా మూడుసార్లు ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. మూడోసారి డాక్టరు, ఈ తేమ పిల్లకు పడటం లేదు, వీలుంటే పొడిగా ఉండే ఊరికి తీసుకెళ్లండి అన్నాడు.

"ఇంక ఏడాదిన్నర పని ఉన్నదే అవ్వా," అన్నాడు భూమేశ్.

"టవర్ నువ్వు లేకున్నా లేస్తది. పిల్లకు దమ్ము ఆడుతలేదు. పోదాం పా."

ఏప్రిల్‌లో బాన్సువాడలో దిగారు. పదిహేను రోజుల్లో భవిత పిల్లికూతలు పోయాయి. బాన్సువాడ ఎండను మించిన మందు లేదని గంగమ్మ గల్లీ అంతా చెప్పుకొచ్చింది. అదే పదిహేను రోజుల్లో విజయ్‌కుమార్‌కు మెడ నుంచి నడుము దాకా చెమటకాయలు లేచాయి.

"నానమ్మా, గిది ఎప్పుడు అయిపోతది?"

"జూన్‌ల."

"అప్పటిదాకా ఏం చెయ్యాలె?"

"ఏం చేస్తవ్? గోక్కో."

వాడి కోసం భూమేశ్ కూలర్ కొన్నాడు. కూలర్ తడిగాలి భవితకు పడదని ఆ పిల్లను రెండో గదిలో ఉంచారు. ఏ ఊళ్లోనైనా బాగానే ఉండే సహజ, రెండు గదుల మధ్య గడప మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేది.

గంగమ్మ బీడీ కార్ఖానాకు వెళ్లి మళ్లీ పేరు రాయించుకుని చుట్టే ఆకు, అందులో నింపే తంబాకు పొడి తెచ్చుకుంది. ఆరేళ్లయినా వేళ్లు పని మరిచిపోలేదు. కూలర్ గాలికి చాటలోని తంబాకు లేచిపోతోందని రెండో గదిలో, భవిత పక్కన కూర్చుంది. ఆ పిల్ల చాప మీద నిద్రపోతుంటే ఈమె బీడీలు చుట్టేది.

జూన్ మొదట్లో పిల్లికూతలు తిరిగొచ్చాయి. కూలర్ వల్లనేనని భూమేశ్, తొలకరి వల్లనని రోజారాణి అన్నారు. గంగమ్మ పెరుగును అనుమానించి మాన్పించింది. పెరుగు మానినా పిల్లికూతలు మానలేదు. దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరమ్మ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, ముగ్గురినీ చూసి అడిగింది.

"ఇంట్ల ఎవరన్న బీడీలు చేస్తరా?"

"నేనే," అంది గంగమ్మ.

"చేసేటప్పుడు పిల్ల ఎక్కడుంటది?"

"నా పక్కకే."

అప్పుడు డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. పిల్లకు తేమ పడదన్నది నిజమే. తంబాకు దుమ్ము అంతకన్నా పడదు. అది కంటికి కనపడదు, చీరకు పట్టుకుంటుంది, చాపలో ఉంటుంది.

ఆటోలో ఇంటికొస్తూ గంగమ్మ పిల్లను తన ఒళ్లోంచి తీసి రోజారాణికి ఇచ్చింది. మూడు రోజులు రైళ్లు మారి పిల్లను తెచ్చి, తీరా చాట పక్కనే పండబెట్టింది తనే. ఇల్లు చేరాక రోజారాణి మెల్లగా అంది.

"నిన్ను ఎవ్వరు ఏమంటలేరు అత్తమ్మా."

"అంటెనన్న మంచిగుండు," అంది గంగమ్మ.

మర్నాడు ఆమె గది గోడలు తడిబట్టతో తుడిచింది, చాప పారేసింది, దుప్పట్లన్నీ ఉతికింది. తర్వాత చాట, కత్తెర, దారం కండె పట్టుకుని ఎదురింటికి వెళ్లింది. ఆ ఇల్లు మోతీబాయిది. పెళ్లయ్యాక లంబాడీ తండా నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఆ గల్లీలోనే ఉంటోంది.

"నీ వసారల కూసుంట. కిరాయి ఎంతియ్యాలె?"

"కిరాయి ఏందక్కా? కూసో. నేను మాట్లాడుతుంట, నువ్వు విను."

కిరాయే నయమని గంగమ్మకు వారంలో తెలిసింది. మోతీబాయి తన పెళ్లి సంగతి రోజుకొకసారి మొదలుపెట్టేది. ఒక్కరోజూ తాళి దాకా రాలేదు.

వానలు బాగానే పడ్డాయి. రెండుసార్లు పిల్లికూతలు వచ్చాయి గానీ, గొట్టంతో మందు పీల్పించగానే తగ్గాయి. దవాఖానలో పెట్టాల్సిన అవసరం రాలేదు. దీపావళి నాటికి డాక్టరమ్మ మందు సగానికి తగ్గించింది. విజయ్‌కుమార్ బడిలో కుదురుకున్నాడు. భూమేశ్ కోటగిరి వైపు పొలాల మోటార్లకు లైన్లు లాగే కాంట్రాక్టరు దగ్గర చేరాడు. టవర్లెక్కినవాడికి స్తంభాలు పొట్టిగా కనిపించి మొదట్లో నామోషీగా ఉండేది. పాత మేస్త్రీ ఫోన్ చేసి కచ్‌లో పని ఉంది రమ్మన్నప్పుడు మాత్రం, రానని చెప్పేశాడు. ఆ మాట విని గంగమ్మ, కచ్‌లో వాన ఎంత పడుతుందో కనుక్కోకపోయావా అంది.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఐదింటికి ఆమె చాట మోతీబాయి వసారాలోనే వదిలి ఇంటికొస్తుంది. తిన్నగా స్నానాలగదికి పోయి తలస్నానం చేసి, వేరే చీర కట్టుకుంటుంది. అప్పటిదాకా భవిత తన గది గడప దాటదు. ఇవాళ కూడా గడప మీద నిలబడే అడిగింది.

"తానం చేసినవా?"

"చేసిన."

"చీర మార్చినవా?"

"మార్చిన తల్లీ."

భవిత ఆమె రెండు చేతులూ పట్టుకుని వేళ్లు వాసన చూసింది. ఎడమ చెయ్యి మళ్లీ కడుక్కొమ్మంది. గంగమ్మ వెళ్లి కడుక్కుంది.