బాపు తాగించిన బొండాలు

నిన్న ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడితే, కొబ్బరిబొండాలమ్మే ఆవిడ "అక్కా, లేతది కొట్టాల్నా?" అంటూ కత్తి ఎత్తింది. ఎండ మాడ్చేస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లంతా తాగుతున్నారు. నేను మాత్రం ఒక అడుగు వెనక్కి వేశాను. పాపం, ఆవిడ ప్రాణం లేచొచ్చే వస్తువే ఇవ్వబోయింది. బొండాన్ని చూసి భయపడే మనిషి ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఈ భయం పట్టుకున్న ఏడు నాకు ముప్పై ఒకటి. సిద్దిపేటలో ఒక జిరాక్స్ సెంటర్లో పని. ఊరి లెక్కలో నేను బాపుకు ఒక్కగానొక్క కొడుకును. నా లెక్కలో మాత్రం ఊహ తెలిసినప్పటి నుంచీ ఆడపిల్లనే. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. బాపు భివండీలో ఇరవై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడి, కొంచెం దగ్గు, చాలా చెవుడు సంపాదించుకుని తిరిగొచ్చాడు. చెవులు పోయాక కూడా, మగ్గంలో ఏదైనా తేడా వస్తే ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించి కనిపెట్టేవాడట. ఆయనకు ఒక మాట చెప్పాలంటే గల్లీ మొత్తానికి చెప్పినట్టే. అందుకే కాబోలు, అసలు మాట ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

హైదరాబాదులో ఒక డాక్టరమ్మకు మాత్రం చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని రెండు రకాల గోళీలు రాసింది. ఒకటి ఆడతనాన్ని ఇచ్చేది, రెండోది మగతనాన్ని అణిచేది. నెల తిరగ్గానే రక్తపరీక్ష చేయించుకొమ్మని గట్టిగా చెప్పి, జాగ్రత్తలు అచ్చేసిన కాగితం కూడా చేతిలో పెట్టింది. నేను గోళీల పేర్లున్న వైపు పదిసార్లు చదువుకుని, రెండో వైపు తిప్పకుండానే మడిచి బట్టల కింద దాచాను. ఒకరోజు బాపు గోళీలు చూసేశాడు. "బీపీవి బాపూ" అన్నాను. "గీ వయసుకే బీపీయా!" అని ఆయన వేసిన కేకకు పక్కింటి పెద్దమ్మ గోడ మీది నుంచి తొంగి చూసి, రోజూ బొండం తాగిస్తే వేడి దిగి పెయ్యికి చలువ చేస్తదని సలహా ఇచ్చింది. ఆ మాట మాత్రం బాపుకు ఎలా వినబడిందో వినబడింది. మర్నాటి నుంచీ సైకిల్ హ్యాండిలుకు రెండు బొండాలు వేలాడుతూ ఇంటికి రావడం మొదలైంది.

మొదట్లో అన్నీ నవ్వుకునే బాధలే. ఎదలో ఉసిరికాయంత గడ్డలు లేచి, చొక్కా తగిలినా ప్రాణం పోయేది. బండి మీద పోతుంటే ఇంటికీ షాపుకూ మధ్య ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో ఒంటికి కంఠతా వచ్చింది. ఆ నొప్పికి మెడికల్ షాపులో నొప్పి గోళీలు కొని మింగేదాన్ని. గంటకోసారి మూత్రానికి బస్టాండుకు పరుగెత్తుతుంటే, అక్కడ కూర్చునే ముసలాయన నాకు షుగరని తీర్మానించి కాకరకాయ రసం తాగమన్నాడు. ఇక ఏడుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒకాయన మరణ ధ్రువపత్రం జిరాక్స్ తీస్తూ వలవలా ఏడ్చాను. తెచ్చినాయన కంగారుపడి "మా మామ నీకు ఎరికేనా?" అని నన్నే ఓదార్చాడు.

రెండో నెలలో నవ్వు తగ్గింది. రక్తపరీక్ష చేసే ల్యాబులో నాతో చదువుకున్నవాడు పని చేస్తున్నాడని భయపడి వాయిదా వేస్తూ వచ్చాను. పైగా అద్దంలో మార్పు కనిపించడం లేదని, ఎవరినీ అడక్కుండా రెండో రకం గోళీ ఒకటికి రెండు చేశాను. లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మేవి. కాళ్లు గంజిలో నానిన నూలులా బరువెక్కాయి. గుండె ఉన్నట్టుండి ఒక దెబ్బ మింగేసి, ఆలోచించుకుని మళ్లీ కొట్టేది. నేను నీరసపడేకొద్దీ బాపు బొండాలు పెంచాడు. రెండు మూడయ్యాయి, అరటిపండ్లు తోడయ్యాయి. ఎదురుగా నిలబడి చివరి చుక్కదాకా తాగించి, ఖాళీ బొండం ఊపి చూసి గాని కదిలేవాడు కాదు.

ఒక ఆదివారం పొద్దున మంచం దిగబోతే కాళ్లు నావి కావన్నట్టు ఉండిపోయాయి. బాపు పరుగెత్తి ఆటో పిలిచాడు. అది వచ్చేలోపు ఇంకో బొండం కొట్టి నోటికి అందించాడు. తాగాను.

దవాఖానలో డ్యూటీ డాక్టరమ్మ గుండె పరీక్ష కాగితం చూసి ఒక్కసారిగా గొంతు తగ్గించింది. నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ తగ్గిన గొంతుకే. "ఏం మందులు వాడుతున్నారు? రక్తంలో పొటాషియం బాగా పెరిగినట్టుంది. గుండె ఆగిపోవచ్చు. నిజం చెప్పండి."

"బీపీ గోళీలు మేడం" అన్నాడు బాపు, ఆవిడ పెదవులు చూసి ప్రశ్న పోల్చుకుని.

నేను గొణిగినట్టు గోళీల పేర్లు చెప్పాను. ఆవిడకు అర్థమైంది, నర్సుకు ఇంజెక్షన్ చెబుతూ వెనక్కి తిరిగింది. బాపు నా పాదం పట్టుకున్నాడు. "నాకినవడలే. గట్టిగ జెప్పురా కొడుకా, ఏం మింగినవ్?"

అబద్ధం చెప్పడానికి కూడా ఊపిరి కావాలి. ఉన్న కాస్త ఊపిరీ నిజానికే వాడాను. "నేను ఆడిమనిషిని బాపూ! అట్ల మారేతందుకే మింగుతున్న!"

వార్డు మొత్తం ఇటు తిరిగింది. బాపు నా ముఖం చూడలేదు. నేరుగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి అడిగాడు. "రోజు మూడు బొండాలు తాగిపిచ్చిన మేడం. దాంతోని ఏమన్న అయిందా?"

ఆవిడ నా వైపు ఒకసారి చూసి, ఆయనకు వినబడేలా, "అది కూడా ఒక కారణం. ఆ గోళీ పొటాషియాన్ని ఒంట్లోనే ఆపేస్తుంది, కొబ్బరినీళ్ల నిండా అదే. ఇక తాగించకండి" అంది. బాపు గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ఆయనను కుదిపింది నేను చెప్పిన సంగతా, తన చేత్తో తాగించిన నీళ్లా అన్నది నేను ఇప్పటికీ అడగలేదు.

మూడో రోజు ఇంటికొచ్చాం. ఆయన నా బట్టలన్నీ వెతికి, కింద దాచిన జాగ్రత్తల కాగితం తీసి నా ముందు పెట్టి, చదవమన్నాడు. చదివాను. వినబడాలి కనక అరిచే చదివాను. అడక్కుండా నొప్పి గోళీలు వేసుకోవద్దు, కొబ్బరినీళ్లు ఎక్కువగా తాగొద్దు, రక్తపరీక్ష మానొద్దు. అన్నీ రెండో వైపే ఉన్నాయి. పక్కింటి పెద్దమ్మ గోడ దగ్గరే నిలబడి ఆసాంతం విన్నది.

"మల్ల మింగుతవా?" అన్నాడు.

"మింగుత బాపూ. ఈసారి డాక్టరమ్మ చెప్పినంతనే."

"సచ్చిపోతే?"

జవాబు కోసం ఆగకుండా కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

హైదరాబాదు డాక్టరమ్మ రెండో రకం గోళీ మాన్పించి వేరేది రాసింది. ఆ తర్వాత చాలా నెలలు బాపు నాతో ముక్తసరిగానే మాట్లాడాడు. కానీ పరీక్ష తారీఖు రాగానే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడేవాడు. ల్యాబులో నా పాత క్లాస్‌మేటు సూది గుచ్చుతుంటే వాడి చెయ్యి వైపు గుడ్లురిమి చూసేవాడు. పొద్దున నేను గోళీ మింగగానే వచ్చి నా వీపు మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కొంతసేపు నిలబడేవాడు. ఆ కొంతసేపూ నాకు కూడా నా గుండె మీద నమ్మకం ఉండేది కాదు. ఏమీ అనకుండా చెయ్యి తీసి వెళ్లిపోతే, ఆ రోజుకు బతికినట్టు.

పోయిన ముప్పై ఏళ్లనూ మూడు నెలల్లో లాక్కోవాలనుకుని చచ్చేదాకా వెళ్లాను. ఒళ్లు మాత్రం దాని తీరికన అది మారింది. అద్దంలో నేను నాకు మొదటిసారి ఏ రోజున కనిపించానో, బాపు నన్ను కొడుకా అనడం ఏ రోజున మానేశాడో, ఇప్పుడు ఎంత వెతికినా ఆ తారీఖులు దొరకవు. కాలం తను చేసిన పని మీద సంతకం పెట్టి పోదు.