లెక్కలో చేరని డప్పు

మా పై వాటాలో ఉండే ఇంజనీరు గారు మంగళవారం పొద్దున పోయారు. ఎల్బీనగర్‌లో పాతికేళ్లు మా పొరుగున ఉన్నారు. కాఫీ ఇస్తే తాగేముందు గ్లాసులో అలలు లేస్తున్నాయేమోనని చూసేవారు. "మీ పిల్ల లోపల గెంతుతోందా?" అనేవారు. నిజంగానే గెంతుతూ ఉండేది.

గుంటూరు వైపు నుంచి వచ్చారు. ఇనుప దూలాల మీద కట్టే మేడల్లో, మనుషులు నడిస్తే నేల ఎంత అదురుతుందో ముందుగానే కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆయన పని. "కూలే మేడ గురించి అందరూ అడుగుతారు. ఊగే మేడలో కూర్చునేవాడి సంగతి ఎవరూ అడగరు" అనేవారు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన లెక్కగట్టిన ఓ కోచింగ్ సెంటర్ పై హాలులో విద్యార్థులు సాయంత్రాలు డప్పు కొట్టి, ఉద్యమ పాటలకి ఆడుతూ ధూంధాం చేసేవారు. ఒకరోజు ఆట మధ్యలో నేల ఊగింది. అందరూ మెట్లవైపు పరుగెత్తారు. మర్నాడు యజమాని, అతనూ గుంటూరు వైపువాడే, ఆయన్ని పిలిపించాడు. విలేకరిగా వార్త కోసం నేనూ వెళ్లాను.

"వీళ్ల గెంతులతో బిల్డింగుకి ప్రమాదమని ఒక్క ముక్క రాసివ్వండి. హాలుకి తాళం వేసేస్తా."

విద్యార్థుల నాయకురాలు, నల్గొండ అమ్మాయి, అందుకుంది. "రాయకుంటడా ఏంది? మీ దిక్కు సారే గద!"

"నేను ఏ దిక్కువాడినో ఫ్లోరుకి తెలీదమ్మా. డప్పు ఎట్లా కొడతారో చూపించు."

ఆమె బెంచీ మీద దరువేసింది. ఆయన చేతిగడియారం చూస్తూ లెక్కపెట్టి, ఆ వేగాన్ని కంప్యూటర్‌లో పెట్టారు. గంట తర్వాత యజమానివైపు తిరిగారు.

"తప్పు నాదండీ. ఎవరి మానాన వాళ్లు నడిచేవాళ్లనే లెక్కలో పెట్టాను. దరువుకి అందరూ ఒకేసారి అడుగేస్తే ఏమవుతుందో చూడలేదు. ఫ్లోరు ఊగుతుంది, కూలదు. కింద ఒక స్తంభం పెడితే ఆ ఊపూ తగ్గుతుంది."

"మీ తప్పని రాసిస్తే రేపు మీకు పనెవరిస్తారు?"

"ఇవ్వరేమో" అంటూనే సంతకం పెట్టారు. ఆ యజమాని మళ్లీ పిలవలేదు. నన్ను మాత్రం వార్త రాయొద్దన్నారు ఇంజనీరు గారు. "ఊగిందన్నదే చదువుతారు. కూలదన్నది ఎవరూ చదవరు."

హాలు విద్యార్థులకే మిగిలింది. కానీ ఆ సాయంత్రం అందులో అడుగుపెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

"జర భయమైతుంది సార్" అంది ఆ అమ్మాయి.

ఆయన చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, హాలు నడిమధ్యకు వెళ్లి నిలబడ్డారు. "ఇప్పుడు కొట్టండి."

డప్పు మోగింది. ఒకరి వెనక ఒకరు వచ్చి ఆయన చుట్టూ ఆడారు. నేల ఊగుతూనే ఉంది. ఆయన కళ్లు మూసుకుని, తల కొంచెం వంచి, పాదాలతో వింటున్నట్టు నిలబడ్డారు.