మా బావను ఆ రోగం తీసుకుపోలేదు

మా బావ పోయాడు. పోయిన బుధవారం పొద్దున అంబలి తాగి, వాకిట్లో మంచం మీద నడుం వాల్చాడు. ఇంకో గరిటె పోద్దామని గిన్నె పట్టుకుని వెళ్ళి పిలిచాను. పలకలేదు. ఈయనకు వేళాకోళం ఎక్కువ కదా, అదే అనుకుని గట్టిగా తిట్టాను. నా తిట్లకు నవ్వకుండా ఉండటం ఆయన వల్ల ఎప్పుడూ కాలేదు. ఆ రోజు నవ్వలేదు. అప్పుడు తెలిసింది నాకు.

బావ అంటే మా అక్క మొగుడు. మా ఆయన ముందు పోయాడు, తర్వాత అక్క పోయింది. భద్రాచలం దాటాక అడవి అంచున మా ఊరు. ఒకే దడికి అటు బావ ఇల్లు, ఇటు నా ఇల్లు. కట్టెలు ఆయన కొట్టేవాడు, వంట నేను చేసేదాన్ని. ఎవరేమనుకున్నా మా ఇద్దరికీ పట్టలేదు.

చావు చూడటానికి వచ్చినవాళ్ళలో కొందరు నాకు వినపడేటట్టే అన్నారు. "ఆ కాన్సరే తిరగబెట్టి ఉంటది" అని ఒకరు. "పట్నం తీసుకపోయి కరెంటు పెట్టించి ముసలోణ్ణి ఆగం చేసింది ఈమెనే" అని ఇంకొకరు. నాకు అక్షరం రాదు గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. ఏడ్చే ఇంట్లో కొట్లాట ఎందుకని ఆ రోజు ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను. నేను చెబుతున్నాను, ఆయన కూతురు రాస్తోంది. మొత్తం విని, తప్పు నాదైతే నాదేనని మీరే చెప్పండి.

మా బావ తునికాకు పనిలో మేస్త్రీ. తునికాకు అంటే బీడీలు చుట్టే ఆకు. ఎండలు ముదరక ముందే అడవిలో తునికి పొదలను నేల దాకా నరుకుతారు. దాన్ని కొమ్మ కొట్టడం అంటాం. నరికిన మోడు నుంచి కొన్నాళ్ళకు లేత ఆకు గుత్తులు గుత్తులుగా వస్తుంది. ఏ పొదను ఎంత కిందికి కొట్టాలో మా బావకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆయన కొట్టిన చోట ఆకు అరచేయంత వచ్చేది. అంత ఆకు కోయించినవాడు ఒక్క బీడీ తాగలేదు. ఎందుకు తాగవని అడిగితే, "వంటోడు ఇంటికొచ్చి వండుకుంటడా పిల్లా?" అనేవాడు. నాకు డెబ్బై దాటినా నేను ఆయనకు పిల్లనే.

ఆయనకు మొదట ప్రోస్టేట్ గ్రంథిలో కాన్సర్ అన్నారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి ఆ గ్రంథిని తీసేశారు. ఆ తర్వాత ఒంటేలు పట్టు తప్పింది. తుమ్మినా, గట్టిగా నవ్వినా పంచె తడిసేది. (ఇక్కడ ఆయన కూతురు కలం ఆపి, "అది రాయను పిన్నీ" అంటోంది. రాయమ్మా, సిగ్గుపడాల్సింది ఏముంది?) ఆయనైతే సంచిలో రెండు పంచెలు పెట్టుకుని పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళేవాడు. "తడిసింది పంచె, పరువు కాదు" అని తానే అందరికీ చెప్పేవాడు. ఎవరైనా గుసగుసలాడదామన్నా మిగిలేదేమీ ఉండేది కాదు.

ఏడేళ్ళు బాగా గడిచాయి. ఏటా రక్త పరీక్ష చేసేవారు. ఆ పరీక్షలో ఒక అంకె వస్తుంది, గ్రంథిని తీసేసినవాళ్ళకు అది కనపడకూడదు. ఏడేళ్ళూ కనపడలేదు. ఎనిమిదో ఏడు కనపడింది. మూడు నెలలాగి మళ్ళీ చూస్తే ఇంకొంచెం పెరిగింది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, నెమ్మదిగా చెప్పింది. "పెద్దాయనా, తీసేసిన చోట కొంచెం మిగిలి ఉండొచ్చు. ఖాయమని నేను చెప్పలేను. స్కానింగ్‌లో ఏమీ కనపడటం లేదు. కానీ అంకె పెరుగుతోంది. ఇప్పుడు చిన్నగా ఉన్నప్పుడే కరెంటు పెడితే గుణం ఎక్కువ. పెరిగాక పెడితే తక్కువ."

కరెంటు పెట్టడం అంటే రేడియేషన్. ఏడు వారాలు పట్నంలో ఉండాలి. బావ ఆమెకు నిండుగా దండం పెట్టి లేచి వచ్చేశాడు. బస్సెక్కాక కిటికీ పక్కన కూర్చుని నవ్వుతున్నాడు.

"ఏంది బావా నవ్వుతున్నవ్? ఎప్పుడు పోదాం మళ్ళ?"

"పోయేది లేదు పిల్లా. మోడును కొడితే ఏమైతది?"

"చిగురు వేస్తది."

"కాలిస్తే?"

"ఇంకింత వేస్తది."

"మరి! ఒకసారి కొట్టిండ్రు, చిగురొచ్చింది. ఇప్పుడు కాలుస్తమంటున్నరు. నలభై ఏండ్లు అడివిల గదే పని చేసిన. నా కడుపుల నేనే ఆకు పండించుకోవాల్నా?"

ఆయన అన్నది అబద్ధం కాదు. ఆకు కోసం అడవిలో నిప్పు పెట్టేవాళ్ళను మేమంతా చూసినవాళ్ళమే. కాలిన చోట చిగురు బలంగా రావడం కూడా చూశాం.

తర్వాత నెలంతా బావ హుషారుగా తిరిగాడు. దడి కట్టాడు, కోళ్ళగూడు బాగు చేశాడు. నేను ముఖం ముడుచుకుంటే, "భయపడుడు కూడ పనే పిల్లా. దానికి కూలి ఎవడిస్తడు?" అనేవాడు. ఊళ్ళో అందరూ ఎంత ధైర్యం అని మెచ్చుకున్నారు. ఆ ధైర్యం చూస్తేనే నాకు కడుపు మండిపోయేది. లోపల చిన్నగా ఉన్నది పెద్దదవుతుంటే ఈయన కోళ్ళగూటికి తలుపు పెడుతున్నాడు! అశ్వారావుపేట నుంచి కూతురు ఫోన్ చేసి ఏడ్చింది. "నా మాట వినడు. నువ్వే ఏదైనా చెయ్యి పిన్నీ" అంది.

ఒకరోజు బావ వాళ్ళ మెట్ట చెలకలో కందికాయ కోస్తున్నాను. కోస్తూ కోస్తూ ఆగిపోయాను. సంచి అక్కడే పడేసి ఇంటికి వచ్చి, బావను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. చెలక నడుమ నిలబెట్టాను.

"ఈడ ముందు ఏముండె?"

"తునికి తుప్పలే ఉండె. నేనే నరికిన."

"నువ్వు నరికితే పోయినయా?"

"పోలే. మళ్ళొచ్చినయ్."

"కాల్చినవా?"

"కాల్చిన. ఇంకా ఎక్కువొచ్చినయ్. చెప్తిని గద."

"మరి ఇప్పుడేడున్నయ్? ఒక్కటి చూపియ్. చూపిస్తే నేను మళ్ళ దవాఖాన పేరెత్తను."

బావ చుట్టూ చూశాడు. కంది తప్ప ఏమీ లేదు. గొంతు తగ్గించి, "మీ అక్క" అన్నాడు.

అవును, మా అక్కే. కొత్తగా కాపురానికి వచ్చిన ఏడు మొదలుపెట్టింది. పొద్దున లేవగానే కొడవలి పట్టుకుని చెలకంతా తిరిగేది. చిగురు కనపడితే ఆకు విప్పుకోకముందే గోరంత ఉండగానే తీసేసేది. ఆకు విప్పితే వేరుకు బలం అందుతుంది, విప్పనివ్వకపోతే వేరు ఎండుతుంది. మూడేళ్ళు తిరిగింది, చంటిబిడ్డను చంకనేసుకుని కూడా తిరిగింది. మూడో ఏటికి మోళ్ళు చచ్చిపోయాయి. ఆయన బతుకంతా చిగురు తెప్పించే పని చేశాడు. దాన్ని చంపే పని మా ఆడవాళ్ళది. అది ఆయన ఎన్నడూ చేయలేదు, అందుకే ఆయనకు తట్టలేదు.

"డాక్టరమ్మ ఏమన్నది? చిన్నగున్నప్పుడే అన్నదా లేదా? మా అక్క గోరంత ఉన్నప్పుడు తీసింది. నువ్వు కోతకొచ్చేదాక ఉంచుతనంటున్నవ్. నీ అంత తెలివి లేనోణ్ణి నేను చూడలే."

చెలక గట్టు మీద కూర్చుని ఒక కందికాయ ఒలిచి తిన్నాడు. తర్వాత లేచి, "బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

దవాఖాన దగ్గర గది కిరాయికి తీసుకుని ఏడు వారాలు ఉన్నాం. పొట్ట మీద రంగు గీతలు గీసి, చెరపవద్దన్నారు. "ఫారెస్టోళ్ళు చెట్టుకు గుర్తు పెట్టినట్టు పెట్టిండ్రు పిల్లా, నన్ను ఏ లారీల ఎక్కిస్తరో" అని వరుసలో కూర్చున్న వాళ్ళందరికీ చూపించాడు. కరెంటు పెట్టే ముందు నీళ్ళు తాగి బిగబట్టాలట. నర్సు ఆ మాట చెబితే, "బిగబట్టుడే వస్తే నేను ఇన్ని పంచెలు ఎందుకు మోస్తనమ్మా?" అన్నాడు. వరుసంతా నవ్వింది. నవ్వినవాళ్ళలో ఇంకో ఇద్దరు ముసలివాళ్ళకు అప్పటికే తడిసిందని తర్వాత తెలిసింది. మర్నాటి నుంచి వాళ్ళు కూడా సంచులు తెచ్చుకున్నారు.

కష్టం లేదనను. చివరి రెండు వారాలు నీరసపడ్డాడు, కడుపు మంట అన్నాడు, అన్నం సహించలేదు. నేను పక్కకు వెళ్ళి ఏడ్చి వచ్చేదాన్ని. ఆయన నా ముఖం చూసి, "కూలి ఎంతిచ్చిండ్రు?" అనేవాడు.

మూడు నెలలకు అంకె తగ్గింది. ఇంకో మూడు నెలలకు ఇంకా తగ్గింది. తర్వాత కనపడకుండా పోయింది. "పోయిందని నేను అనను పెద్దాయనా. ప్రస్తుతానికి లేదు" అంది డాక్టరమ్మ.

"నేను కూడ ప్రస్తుతానికే ఉన్ననమ్మా" అన్నాడు బావ. ఆ పిల్ల కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది.

ఆ తర్వాత నాలుగు ఆకు సీజన్లు చూశాడు. ప్రతి పరీక్షకూ నేను వెంట వెళ్ళాను. కాగితం చేతికొచ్చేదాకా నేను వరండాలో అటూ ఇటూ తిరిగేదాన్ని. ఆయన మాత్రం, "కాగితం వచ్చేదాక మంచిగున్నట్టే. వచ్చినంక చూద్దాం" అని పల్లీలు తినేవాడు. చివరి పరీక్షలో కూడా అంకె లేదు. రోగం తిరగబెట్టిందన్నవాళ్ళు ఈ ముక్క చదివించుకోండి. ముసలితనం వచ్చింది, గుండె ఆగింది, అంతే. నేను లాక్కెళ్ళాను, నిజమే. మళ్ళీ అయితే మళ్ళీ లాక్కెళ్తాను.

ఆ చివరిసారి డాక్టరమ్మ, "ఇక ఏడాదికోసారి వస్తే చాలు" అంది. బావ మురిసిపోయాడు. "ఏడాది ఇచ్చింది పిల్లా, ఒక్కసారే!" అన్నాడు. ఇచ్చిన ఏడాదిలో ఏడు నెలలే వాడుకున్నాడు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో భద్రాచలం ఇంకా రాలేదు. గోదావరి వంతెన ముందు బస్సు నెమ్మదిగా పోతోంది. బావ లేచి, "ఆపు బిడ్డా, నడుస్తం" అన్నాడు కండక్టర్‌తో. నేను తిట్టుకుంటూ వెనక దిగాను. ఎండ తగ్గి గాలి వీస్తోంది, కింద ఇసుక తిన్నెల మధ్య నీళ్ళు పాయలుగా పారుతున్నాయి. సరిగ్గా వంతెన నడుమకు వెళ్ళి ఆగిపోయాడు. వెనక నుంచి వెదురు లారీలు హారన్ కొడుతూ వస్తున్నాయి. ఆయన రెయిలింగుకు ఆనుకుని, ఒక చేత్తో పంచె పట్టుకుని, రెండో చేత్తో లారీలను ఒక్కొక్కటిగా ముందుకు పంపుతున్నాడు. "పోండి నాయనా, పోండి. నాకు జల్దీ లేదు."