ఒకే వరుసలో ఏడు షరతులు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనం రాసిన కోడ్ పక్కవాడికి ఎంత తక్కువ అర్థమైతే మనం అంత తెలివైనవాళ్ళమని. భీమవరంలో రొయ్యల మేత అమ్మే కంపెనీలో అది నా మొదటి ఉద్యోగం. చెరువుకు ఈ పూట ఎంత మేత వెయ్యాలో రైతుకు ఫోన్‌లో చెప్పే యాప్ నాకు అప్పజెప్పారు. వాన పడితే సగం, అమావాస్యకు రొయ్య పాత పెంకు విడుస్తుంది గనుక పావు, ఇలా ఏడు షరతులు. ఆ ఏడింటినీ ప్రశ్నార్థకాలతో, కోలన్లతో గుచ్చి ఒకే వరుసలో రాసేశాను. (ఆ వరుస స్క్రీన్‌లో పట్టేది కాదు, కుడివైపుకు జరుపుకుంటూ పోవాలి. అదీ నాకు గర్వమే.)

ఏడాది తిరిగేసరికి తుని నుంచి ఒకమ్మాయి వచ్చి చేరింది. తునమ్మాయి అనేవాళ్ళం. వచ్చిన వారానికే నా వరుసను విప్పి, వరుసకొక షరతు, దానికో ఇఫ్ చొప్పున తిరగరాసింది. వాన పడిందా, సగం చెప్పి ఆగిపో. అమావాస్యా, పావు చెప్పి ఆగిపో. అంతే. ఓనరుగారు అది చదివి "ఏంటమ్మా, ఇది నాక్కూడా అర్థమైపోతోంది" అని మురిసిపోయారు. ఏడాదిలో నన్ను ఒక్కసారీ అలా అనలేదు. దాచుకోవడం దేనికి, నాకు కడుపు మండిపోయింది. యాప్ ఆమె చేతికి పోతుందేమోనని అన్నం కూడా సయించలేదు. "ఇది చిన్నపిల్లల రాతండి" అన్నాను. "అయితే రెండూ మేత మావయ్యకి చూపిద్దాం. ఎవరిది నిలబడితే యాప్ వాళ్ళది" అన్నారాయన.

మేత మావయ్య చెరువుగట్ల మీద ముప్పై ఏళ్ళు నలిగిన మనిషి. చదువు పదో తరగతి. నా వరుసను ఓసారి చూసి మర్యాదగా పక్కన పెట్టేశారు. తునమ్మాయిది వేలు పెట్టి చదువుతూ రెండో ఇఫ్ దగ్గర ఆగారు. "అమావాస్య నాడే వాన పడితే ఏంటమ్మా? ఇది సగం వెయ్యమని ఆగిపోద్ది. పెంకు విడిచే రొయ్య అంత మేత ముట్టదు, అడుగున కుళ్ళిపోద్ది. అమావాస్య పైకి రావాలి."

ఆ క్షణంలో నా ఆనందం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "చూశారాండి, తప్పు" అన్నాను ఓనరుగారితో. తునమ్మాయి "నిజమేనండి" అని రెండు షరతులనూ అటూ ఇటూ మార్చేసింది. అర నిమిషం పట్టింది. మావయ్య నా వైపు తిరిగి "మరి నీదాంట్లో ఏది ముందుంది బాబూ?" అన్నారు.

"చూసి చెప్తానండి" అన్నాను. పదింటికి మొదలుపెట్టాను. బ్రాకెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టాను, చాలక కాగితం తీశాను. టీ వచ్చింది, చల్లారింది. మూడింటికి తేలింది, అచ్చం అదే తప్పు. ఏడాదిగా రైతుల ఫోన్లలో నడుస్తున్న తప్పు. తప్పు ఇట్టే కంటపడేలా రాసి మెప్పు పొందిన మనిషిని చూడడం నాకదే మొదలు. యాప్ ఆమెకు వెళ్ళింది.

తునమ్మాయి ఎప్పుడో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. యాప్ మళ్ళీ నా దగ్గరకే వచ్చింది, ఆమె రాతతో సహా. ఆ తర్వాతెప్పుడో అందులో ఒక షరతు నేనూ చేర్చాను, ఆమె పద్ధతిలోనే. మొన్న కొత్తగా చేరినాయన అది చదివి "ఎంత బాగుందండి, మీరే రాశారా?" అన్నాడు. అవుననాలని నాలుక దాకా వచ్చింది. "ఒక్క షరతు నాది" అన్నాను. "ఏదండి?" అన్నాడు. పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను. అన్నీ ఆమె రాసినట్టే ఉన్నాయి, నాదేదో నాకే తెలియలేదు.