మక్కచేను ప్రశ్న

నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. ఇల్లు వికారాబాద్, కాలేజీ తాండూరు. పొద్దున రైలు దిగి బయటికి వచ్చేసరికి చీరకు నాపరాతి దుమ్ము అంటుకుంటుంది. కాలేజీలో అడుగుపెడితే పిల్లలు గొంతెత్తి వల్లించే ద్రవాభిసరణం నిర్వచనం చెవిన పడుతుంది. రెండింటిలో దుమ్మే నయం, దులిపితే పోతుంది.

ఆ నిర్వచనం వాళ్లను నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అర్థమైందా అంటే నా మొహం చూస్తారు. అందుకే హాఫ్ ఇయర్లీ పరీక్షలో నిర్వచనం అడగలేదు. యాలాల్ దగ్గర ఒక రైతు, తడి అంతంతమాత్రంగా ఉన్న నేలలో, మక్కచేనుకు గుప్పిళ్లకొద్దీ యూరియా చల్లాడు. ఆకులు వాడి, మాడిపోయాయి. వేరు కణాల్లో ఏం జరిగింది? ఇప్పుడు నీళ్లు పెడితే చేను బతుకుతుందా? ఇదీ ప్రశ్న.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ముఖ్యమైన మాటల కింద పిల్లలు స్కేలు పెట్టి పెన్సిలు గీత గీయాలి. దిద్దేవాళ్లు గీతలు చూసి మార్కులు వేస్తారు, మిగతాది చదివే ఓపిక ఎవరికీ లేదు. దాదాపు అందరూ నిర్వచనం రాసి గీతలు గీశారు. ఒకడైతే రైతు వెంటనే వ్యవసాయ అధికారిని కలవాలని రాసి, దాని కిందా గీత గీశాడు.

యాలాల్ నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి మాత్రం గీత ఒక్కటీ లేకుండా ఇలా రాసింది: ‘మన్నుల మందు ఎక్కువైంది. వేరు కణంల ఉన్న నీళ్లే పొర దాటి బయటికి పోయినయి. తొందరగ మస్తు నీళ్లు పెడితే మందు పలచనయితది, నీళ్లు మళ్ల లోపలికి పోతయి. పొర చచ్చినంక ఎన్ని పెట్టినా బతుకదు.’

ఎన్నేళ్లుగానో ఇలాంటి జవాబు కోసమే చూస్తున్నాను. నిండు మార్కులు వేశాను.

ఆ మార్కులను బట్టే సెక్షన్లు మారుస్తారు. మెడికల్ ఎంట్రెన్సు కోచింగు మొదటి సెక్షన్‌కే ఉంటుంది. ఆ పిల్లకు డాక్టర్ కావాలని ఆశ. ప్రిన్సిపాల్ పేపరు తెప్పించుకుని నన్ను పిలిచాడు.

“ఏంది మేడం గిది? ద్రవాభిసరణం అన్న మాటే లేదు గదా.”

“మాట లేకపోతేంది సార్, ముచ్చటంతా ఉంది గదా.”

“బోర్డు పేపరు దిద్దేటాయన ముచ్చట చదువుతడా? గీత చూస్తడు. మీకు ప్రయోగాలు, పిల్లలకు పరేషాన్.”

గదిలో ఉన్న మిగతా లెక్చరర్లు ఆయన తానా అంటే తందానా అన్నారు. నా మార్కులు కొట్టేసి సున్నా వేశాడు. అమ్మాయి రెండో సెక్షన్‌కు పోయింది.

“తప్పు రాసిన్నా మేడం?” అని వరండాలో నన్ను పట్టుకుని అడిగింది.

“లేదు బిడ్డా, నువ్వే కరెక్టు రాసినవ్.”

“మరి గట్లెందుకు జేసిన్రు?”

“క్లాసుకు పో బిడ్డా” అని పంపేశాను. ఒళ్లు మండిపోయింది.

అంతటితో ఆగితే బాగుండేది. బోర్డు పరీక్షలో ఇలాంటి ప్రశ్నలే ఇకపై వస్తాయని ఎవరో ప్రిన్సిపాల్ చెవిలో వేశారు. వెంటనే మక్కచేను ప్రశ్నకు మోడల్ జవాబు అచ్చు వేయించి, గీతలతో సహా మెటీరియల్ అని పంచాడు. స్టడీ అవర్‌లో పిల్లలు యూరియాను కూడా వల్లించడం మొదలుపెట్టారు. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే.

ప్రీఫైనల్‌లో నేను ప్రశ్న మార్చాను. ఉప్పు కలిపి పెట్టిన మామిడికాయ ముక్కలకు తెల్లారేసరికి నీళ్లూరాయి, ఎక్కడివి? కట్టలు విప్పితే, పేపరు తర్వాత పేపరు ‘రైతు యూరియా ఎక్కువగా చల్లడం వలన’ అనే మొదలైంది. ప్రిన్సిపాల్ ఇచ్చిన కీలో ఉన్న ద్రవాభిసరణం, పొర, గాఢత లాంటి మాటలన్నీ వాటిలో ఉన్నాయి. ఆ కీ ప్రకారమే దిద్దాలన్నాడు, దిద్దాం.

ఆ అమ్మాయీ అదే రాసింది. నిండు మార్కులు వచ్చాయి, మొదటి సెక్షన్‌కు తిరిగొచ్చింది. మొహం వెలిగిపోతుండగా నా దగ్గరికొచ్చింది.

“ఈసారి అన్ని గీతలు గీసిన మేడం.”

“మంచిది. ఒక్కటి చెప్పు. మీ అమ్మ మామిడికాయ తొక్కు పెడితే ముక్కలకు నీళ్లొస్తయి గదా, ఏడికెల్లి వస్తయి?”

నాకు ఇంకా ఆశ చావలేదు.

“గది మెటీరియల్‌ల లేదు మేడం” అంది.