మడత బల్లకు అవతలి మనిషి

కరోనా ఆంక్షలు ఎత్తేసి విమానాలు మళ్లీ నిండుగా తిరగడం మొదలైన ఏడాది, వానాకాలం మొదట్లో నన్ను శంషాబాద్‌కు వేశారు. అప్పటికి నేను ఒక పునరావాస కేంద్రంలో సీనియర్ జాబ్ కోచ్‌ని. ఈ పేరు వినగానే ఉద్యోగాలు ఇప్పించేవాడని చాలామంది అనుకుంటారు. అది వేరే విభాగం పని. మేధో వైకల్యం ఉన్నవాళ్లు ఒక పనిలో చేరాక, అదే పనిచోట పక్కన నిలబడి అలవాటయ్యేదాకా నేర్పడం, ఆ తర్వాత కొద్దికొద్దిగా తప్పుకోవడం జాబ్ కోచ్ పని. నేర్పడం కన్నా తప్పుకోవడమే కష్టమని మాలో చెప్పుకునేవాళ్లం. అందులో నాకు మంచి పేరుండేది. ఆ పేరు వెనక జరిగిన ఒక సంగతిని సరిచేసి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అప్పట్లో మా కేంద్రం ఒక పరిశీలన చేపట్టింది. ఇలాంటి యువకులను ఒక గదిలో కూర్చోబెట్టి కొవ్వొత్తులు, కాగితపు సంచులు చేయించే పాత పద్ధతి పోయి, అందరూ పనిచేసే చోటనే వాళ్లనూ పనిలో పెట్టాలన్న ఆలోచన బలపడుతున్న కాలం అది. అలా పెడితే ఎంతవరకు సొంతంగా పనిచేయగలరు, ఎంతకాలం నిలుస్తారు అన్నది తేల్చడం మా పరిశీలన ఉద్దేశం. విమానాశ్రయం చుట్టుపక్కల గిడ్డంగులు, వంటశాలలు చాలా ఉన్నాయి కాబట్టి ఆ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. నాకు వచ్చింది ఒక లాండ్రీ. విమానాల్లో ప్రయాణికులు కప్పుకునే దుప్పట్లను అక్కడ ఉతికి, ఆరబెట్టి, మడిచి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి సీలు వేసి తిరిగి పంపుతారు. నేను మైలార్‌దేవ్‌పల్లిలో ఉండేవాణ్ణి. ఆరాంఘర్‌లో బస్సెక్కి షిఫ్టు మొదలయ్యేలోగా చేరుకునేవాణ్ణి.

నాకు అప్పగించిన యువకుడి పేరు శ్రీశైలం. ఇరవై దాటిన వయసు, బలమైన భుజాలు, తక్కువ మాట. వాళ్ల నాన్న సత్తయ్య శంషాబాద్ పక్క ఊళ్లో పాలకూర, కొత్తిమీర పండించి మార్కెట్‌లో తనే అమ్ముకునేవాడు. మొదటి రోజు కొడుకును మోపెడ్ మీద దింపి, నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

"మావోడు పని జేస్తడు సార్. పనికి భయపడడు. జర పక్కన ఒక మనిషుండాలె, గంతే."

ఆ మనిషి అక్కర్లేకుండా చేయడానికే నేను వచ్చానని ఆయనకు చెప్పాను. ఆయన సంతోషించాడు. నేను మరీ సంతోషించాను.

మా పద్ధతి ఇలా ఉంటుంది. ముందు పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొడతాం. దుప్పటి అందుకోవడం, అంచులు కలపడం, సగానికి మడవడం, మళ్లీ మడవడం, కవర్‌లోకి తోయడం, ఇలా. ప్రతి మెట్టు దగ్గరా ఎంత సాయం అవసరమైందో గుర్తు పెడతాం. చెయ్యి పట్టి చేయిస్తే ఒక గుర్తు, చేసి చూపిస్తే ఒకటి, మాటతో చెబితే ఒకటి, సైగ చేస్తే ఒకటి. ఏ సాయమూ లేకుండా చేస్తే దాన్ని 'స్వతంత్రం' అంటాం. లెక్కకు వచ్చేది ఆ చివరిది ఒక్కటే. కోచ్ మొదట పక్కనే నిలబడతాడు, తర్వాత వెనక్కి జరుగుతాడు, ఆ తర్వాత తలుపు దగ్గరికి, చివరికి గది బయటికి. శ్రీశైలం దగ్గర నేను అనుకున్నదానికన్నా తొందరగా తలుపు దాకా వెళ్లగలిగాను.

అక్కడ ఆగిపోయింది. కారణం అంజమ్మ.

అంజమ్మ జల్‌పల్లి నుంచి వచ్చేది. నలభై దాటిన మనిషి, నోరు ఊరుకోదు. మడత బల్లకు అవతలి చివర నిలబడి, ఆరిన దుప్పట్ల కుప్పలోంచి ఒక్కొక్కటీ తీసి శ్రీశైలం వైపు జార్చడం ఆమె పని. ఆరబెట్టే యంత్రాల దగ్గర్నుంచి దుప్పట్ల మూటలు మోసుకురావడం కూడా ఆమె వంతే. శ్రీశైలం ఎక్కడైనా ఆగితే చాలు, బల్లమీద అరచేత్తో తట్టేది.

"ఓ శిరిశైలం, ఏం జూస్తున్నవ్ బిడ్డా? విమానం లోపటికొస్తదా? ఇగ కానీయ్!"

అతను నవ్వి మొదలుపెట్టేవాడు. నేను 'మాట సాయం' అని గుర్తు పెట్టేవాణ్ణి. ఆమెకు నా గుర్తులంటే వేళాకోళం.

"ఏం సార్, ఇయ్యాల మావోనికి ఎన్ని మార్కులు కోసినవ్?"

ఆమె మాట్లాడకుండా ఉంటే మార్కులు కోయాల్సిన పని ఉండదని ఒకసారి గట్టిగానే అన్నాను. "నోరు మూసుకుంటే నాకు నిద్రొస్తది సార్" అంది. పక్కవాళ్లు నవ్వారు. శ్రీశైలం అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

ఇంకో సంగతి నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఆమె మోయాల్సిన మూటలు శ్రీశైలం మోసేవాడు. ఆమె యంత్రాల వైపు అడుగు వేయగానే అతను మడత ఆపి, "అక్కా, నువ్వు జరుగు, నేను లేపుత" అని ముందుకు వెళ్లేవాడు. ఆమె వద్దనేది కాదు. మా రంగంలో మొదట నేర్పే జాగ్రత్తల్లో ఇదొకటి: ఇలాంటివాళ్ల మంచితనాన్ని తోటివాళ్లు వాడుకోకుండా కనిపెట్టి ఉండాలి. నేను ఆమెను నిలదీశాను.

"నా బుజం పట్టుకపోయింది సార్. రాత్రంత సలుపుతది. గీ పిల్లగాడు లేపకుంటే నా పని ఖతమే" అంది దాపరికం లేకుండా. "ఆనికి నేను జెప్త, నాకు ఆడు లేపుతడు. ఇందుల తప్పేమున్నది?"

తప్పేమిటో నాకు బాగా తెలుసనుకున్నాను. నెలవారీ సమీక్షలో మా ప్రాజెక్టు అధిపతి శ్రీశైలం ఎందుకు ముందుకు కదలడం లేదని అడిగినప్పుడు, తోటి కార్మికురాలి మీద ఆధారపడుతున్నాడని, ఆమెను అక్కణ్నుంచి తప్పించాలని చెప్పాను. సరైన ఆలోచన అన్నారు. మర్నాడు లాండ్రీలో షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"బల్ల దగ్గర ఇద్దరూ బాగానే కుదిరారండి. కదపడం ఎందుకు?" అన్నారు.

అది పరిశీలనకు అవసరమని చెప్పాను. ఆయన, "మీరు ఆ చదువు చదువుకున్నవారు, మీ ఇష్టం" అన్నారు. అంజమ్మను ఆరబెట్టే యంత్రాల దగ్గర మూటలు ఎత్తిదించే పనికి మార్చారు. బల్ల అవతల ఎవరినీ పెట్టలేదు. కుప్పను శ్రీశైలం చేతికి అందేలా దగ్గరికి జరిపించాను.

ఆమె వెళ్తూ అతనితో, "సార్ నిన్ను పెద్ద ఆఫీసర్‌ను జేస్తడట. నన్ను మర్వకు" అంది. ఈసారి అతను నవ్వలేదు.

తర్వాత కొన్ని రోజులు అద్భుతంగా గడిచాయి. బల్ల తట్టేవాళ్లు లేరు, పిలిచేవాళ్లు లేరు. శ్రీశైలం ఆగేవాడు, చుట్టూ చూసేవాడు, కొంతసేపటికి తనే మొదలుపెట్టేవాడు. నేను వరసగా 'స్వతంత్రం' అని గుర్తు పెట్టుకుంటూ పోయాను. గది బయటికి వచ్చేసి గాజు కిటికీలోంచి చూడసాగాను. సమీక్షలో నా పేరు ప్రత్యేకంగా చెప్పారు. అతను మధ్యాహ్నం అన్నం తినడం తగ్గించాడని, సెలవు రోజు గడిచాక పనికి రావడానికి మొండికేస్తున్నాడని సత్తయ్య ఫోన్‌లో చెబితే, కొత్త బాధ్యతకు అలవాటు పడుతున్నాడని సర్దిచెప్పాను.

ఆ నెలలో ముసురు పట్టింది. గాలిలో తేమకు తోడు యంత్రాల్లో ఒకటి సరిగ్గా వేడెక్కక కొన్ని దుప్పట్లు తడి ఆరకుండానే బల్ల మీదికి వచ్చాయి. అంతకుముందు కూడా అలా వచ్చేవట. అంజమ్మ కుప్పలోంచి తీసేటప్పుడే తడి చేతికి తగిలి, "ఇది పచ్చిగున్నది" అంటూ పక్క బుట్టలో పడేసేది. ఆ పని ఆమె అలవాటులో కలిసిపోయింది కాబట్టి నా కంటికి పనిలా కనపడలేదు. నేను రాసిన మెట్లలో దానికి చోటు లేదు. శ్రీశైలానికి నేను నేర్పనూ లేదు.

కానీ అతనికి తెలుసు. ఈ ఒక్క మాట నేను స్పష్టంగా చెప్పాలి. కిటికీలోంచి చూస్తున్నాను. అతను ఒక దుప్పటి తీశాడు, ఆగాడు, దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. బల్ల అవతలి వైపు, అంజమ్మ నిలబడే ఖాళీ వైపు చూశాడు. దుప్పటిని చేతుల్లోనే పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అది తడిగా ఉందని అతనికి తెలిసింది. తెలిసిందని నాకూ అర్థమైంది. కావలసింది అవునని చెప్పే ఒక మనిషి.

నేను లోపలికి వెళ్లవచ్చు. తలుపు నాకు రెండడుగుల దూరంలో ఉంది. ఆ దశలో కోచ్ కలగజేసుకుంటే ఆ రోజు నమోదు చెల్లదు, మొత్తం దశను మళ్లీ మొదటినుంచి చేయాలి. అందుకని ఆగాను. సీలు వేసే ముందు ఎలాగూ ఎవరో ఒకరు చూస్తారనుకున్నాను. ఇంతలో అటుగా వచ్చిన ఇన్‌చార్జి, "ఏమిటి బాబూ, నిలబడిపోయావు? లోడు వెళ్లాలి, కానివ్వు" అన్నారు. శ్రీశైలం దాన్ని మడిచి కవర్‌లో పెట్టాడు. ఆ తర్వాత తీసినవాటిని చెంపకు ఆనించి చూడటం మానేశాడు.

ఆ లోడు వెనక్కి వచ్చింది. కవర్లు విప్పితే ముక్కిన వాసన కొడుతున్నాయని విమానం వాళ్లు ఫిర్యాదు చేశారట. లాండ్రీకి అది చిన్న విషయం కాదు. విచారణ జరిగింది. అంజమ్మ, ఇన్‌చార్జి, నేను, శ్రీశైలం కూర్చున్నాం. తడి గుర్తుపట్టలేకపోయావా అని లాండ్రీ మేనేజర్ అతన్ని అడిగారు. అతను నా వైపు చూశాడు. మాటలు కూడదీసుకోవడానికి అతనికి సమయం కావాలి. అది అందరికన్నా నాకు బాగా తెలుసు. నేను ఆ సమయం ఇవ్వలేదు. అతని తరఫున నేనే జవాబిచ్చాను: ఇలాంటి పరిస్థితుల్లో నిర్ణయం తీసుకునే శక్తి అతనికి ఇంకా రాలేదన్నాను.

"అక్కను పిల్వున్రి" అన్నాడు శ్రీశైలం. అక్క ఎదురుగానే కూర్చుని ఉంది. బల్ల దగ్గరికి పిలవమని అతని ఉద్దేశమని నాకూ అంజమ్మకూ అర్థమైంది. ఆమె నోరు తెరిచింది. "మీరు ఆగండమ్మా" అన్నాను.

అతన్ని పనిలోంచి తీసేశారు. ముగింపు నివేదికలో, శ్రద్ధ ఉన్నా తోడు లేకుండా నిలకడగా పనిచేయలేడని, ఈ రకం పనికి అనువైనవాడు కాడని రాసి సంతకం పెట్టాను. అలాంటి నివేదిక ఆ మనిషి వెంటే వెళ్తుంది. కొన్నాళ్లకు విమానాశ్రయం దారిలోని ఒక హోటల్ లాండ్రీలో ఖాళీ ఉందని సత్తయ్య కొడుకును తీసుకెళ్లాడు. వాళ్లు మా కేంద్రాన్ని అడిగారు, నివేదిక వెళ్లింది, వద్దన్నారు. సత్తయ్య నా దగ్గరికి వచ్చాడు. కోపంగా రాలేదు.

"సార్, మావోని గురించి ఏం రాసిన్రు? ఆడ చేతుల పని జూసి మంచిగున్నదన్నరు. కాయితం జూసి వద్దన్నరు."

కొన్ని పనులు కొందరికి పడవని ఏదో చెప్పాను. ఆయన లేస్తూ, "పక్కన మనిషుండాలె అని మొదలే జెప్పిన గద సార్. ఉండెనాయె ఒకామె" అన్నాడు.

ఆయన మాటకు అర్థం తర్వాత నా రంగమే చెప్పింది. ఇటీవలి పరిశోధనల్లో, శిక్షణల్లో 'సహజ మద్దతు' అన్న మాట తరచు వినిపిస్తోంది. పనిచోట మామూలుగా దొరికే తోటివాళ్ల సాయం లోపం కాదని, కోచ్ చేయాల్సింది దాన్ని గుర్తించి బలపరచడమేనని చెబుతున్నారు. కోచ్ ఎప్పటికైనా వెళ్లిపోయేవాడు. బల్లకు అవతల నిలబడే మనిషి ఉండిపోయే మనిషి. తప్పుకోవాల్సింది నేను. నేను ఆమెను తప్పించాను. ఈ పాఠాన్ని కొత్త కోచ్‌లకు నేనే చెప్పాను కూడా, అదీ ఎక్కడో ఎవరికో జరిగినట్టుగా.

నిరుడు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. దానికి కారణం ఇది కాదు, మోకాళ్లు. విరమణకు ముందు ఆ నివేదికను సరిచేయమని కేంద్రానికి రాశాను. పరిశీలన ముగిసిపోయింది కాబట్టి మార్చడం కుదరదన్నారు. సత్తయ్య ఇంటికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన విన్నాడు, చాయ్ ఇప్పించాడు. శ్రీశైలం అరుగు మీద కొత్తిమీర కట్టలు కడుతున్నాడు. నన్ను చూసి లేచి లోపలికి వెళ్లిపోయాడు.

అంజమ్మ ఈ మధ్య శంషాబాద్ బస్‌స్టాప్‌లో కనిపించింది. ఇంకా లాండ్రీలోనే చేస్తున్నావా అని అడిగాను.

"ఏడ సార్? గా మూటలెవడు లేపుతడు? కొన్ని దినాలు నేనే లేపిన, బుజం మొత్తమే పోయింది. బంద్ జేసిన." తర్వాత, "శిరిశైలం మంచిగున్నడా?" అంది.

ఆమె పని పోయిన సంగతి మా పరిశీలనలో ఎక్కడా లేదు. ఆమె పేరే లేదు. అతనికి అందిన సాయానికి నేను గుర్తులు పెట్టాను, అతను చేసిన సాయానికి మా పద్ధతిలో గుర్తే లేదు.

కాబట్టి నేను దిద్దాల్సిన నివేదిక ఇది. శ్రీశైలం ఆ పనికి అనువైనవాడే. ఆ బల్ల దగ్గర ఇద్దరు మనుషులు కలిసి ఒక పనిని సరిగ్గా చేస్తుండేవారు. వాళ్లను విడదీసింది నేను. పని పోయింది ఇద్దరికీ.